ఆయాసం రాలేదు

ఆయన లోపలికి వెళ్ళి ఎంతసేపయిందో చూసుకోకూడదని చేతి గడియారం తీసి బ్యాగులో పడేశాను, పడేశాక తలెత్తితే గోడ మీద ఇంకొకటి. దాని పక్కనే ఆడవాళ్ళ లోపలి భాగాలు రంగుల్లో గీసిన బొమ్మ, గర్భసంచి గులాబీ రంగు, కింద దారి ఎరుపు, ఏది ఎక్కడుందో బాణం గుర్తులు పెట్టి మరీ రాశారు. అంత పెద్ద అక్షరాలతో రాసినా ఈ గదిలో ఒక్కరూ అటు చూడటం లేదు, అందరూ మూలనున్న నీళ్ళ డబ్బాని చూస్తున్నారు, అది మధ్య మధ్యలో గుడగుడమంటుంది, అప్పుడు అందరికీ కాస్త తెరిపిగా ఉంటుంది. తలుపుకి మసక అద్దం. అద్దం వెనక మా ఆయన భుజం, ఒక్క భుజమే, పని చొక్కా ముదురు నీలం. ఆ భుజం కదలడం లేదు. మాట్లాడే మనిషి భుజం కాస్తయినా కదులుతుంది కదా. అంటే మాట్లాడటం లేదు, డాక్టరమ్మ చెప్తుంటే వింటున్నాడు. వినడంలో ఆయనకి సాటి లేరు, లిఫ్టులు బాగుచేసే మనిషి, మేడ మీద లిఫ్టు మోటారు ముందు నిలబడితే గంటసేపు ఉలక్కుండా పలక్కుండా వింటాడు, నేను చెప్పేది మాత్రం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడు. అలా అనకూడదులే. ఈమధ్య నేను చెప్పిందేముంది గనక.

నిన్న సాయంత్రం టీ కప్పు తీసుకెళ్ళి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. చేతికి కాదు, బల్ల మీదే, చేతికిచ్చి ఎన్నాళ్ళయిందో. "రేపు మధ్యాహ్నం డాక్టరమ్మ మిమ్మల్ని కూడా రమ్మంది" అన్నాను. ఎందుకని అడగలేదు, సరే అన్నాడు. పొద్దున చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పనిలో సెలవు చెప్పి, పనిముట్ల సంచితో సహా నేరుగా ఇక్కడికే వచ్చాడు, ఆ సంచి ఇప్పుడు నా కాళ్ళ దగ్గరుంది, గ్రీజు వాసన కొడుతోంది, పక్కావిడ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. పెట్టుకోనీ. నాకు ఆ వాసనంటే ఇష్టం. పెళ్ళయిన కొత్తలో అసహ్యించుకునేదాన్ని, సబ్బుతో రుద్ది రుద్ది కడిగించేదాన్ని, ఎప్పుడు అలవాటయిందో, అలవాటు ఎప్పుడు ఇష్టమయిందో తెలియలేదు. ఈ ఆసుపత్రి లిఫ్టులో పైకొచ్చేటప్పుడు గోడకి అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు, ఏ లిఫ్టు ఎక్కినా అంతే, డాక్టర్లు నాడి చూసినట్టు చూస్తాడు. "తాడు సాగింది, వీళ్ళు పట్టించుకోవట్లేదు" అన్నాడు. ఆ రేకు గోడ మీద అంత మెత్తగా ఆనిన చేతిని చూసి నాకు ఒళ్ళు మండింది, లిఫ్టు గోడ మీద అసూయ పడే ఆడది లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. అప్పుడు నా వైపు చూడకుండానే, "రిపోర్టులో ఏమొచ్చింది?" అన్నాడు. ఏం రాలేదన్నాను. "మరి నన్నెందుకు రమ్మంది?" అన్నాడు. గొంతు అదోలా ఉంది. అప్పుడు తట్టింది, నాకేదో పెద్ద జబ్బు వచ్చిందనుకుంటున్నాడు, మొగుణ్ణి పిలిపించి చెప్పేలాంటి జబ్బు. కాదని చెప్పాలి, కాదంటే మరేమిటో చెప్పాలి. ఇంతలో లిఫ్టు తలుపు తెరుచుకుంది.

పద్ధతి డాక్టరమ్మదే. ముందు ఆయనతో విడిగా, తర్వాత నాతో విడిగా, ఆ తర్వాత ఇద్దరితో కలిపి. నేను పోయిన నెల మూత్రంలో మంటని వచ్చాను, అంతే, ఇంకేమీ చెప్పాలని రాలేదు. ఆవిడ అన్నీ అడిగింది, సుగరు, బీపీ, మోకాళ్ళు, నెలసరి ఆగి ఎన్నాళ్ళయింది, చివరికి తలెత్తి "మీరూ మీవారూ కలుస్తుంటారా?" అంది. "ఆయన డ్యూటీ నుంచి వస్తారు, నేనూ వస్తాను, సాయంత్రం కలుస్తాం" అన్నాను. ఏం అడిగిందో తెలిసే అన్నాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు, పెన్ను పక్కన పెట్టి ఊరుకుంది. ఊరుకునే మనుషుల దగ్గర నాకు ఆగదు. "లేదమ్మా, చాలా కాలమైంది" అన్నాను. "ఎందుకని?" "నాకు నొప్పి." అంతే చెప్పాను, ఆ ఒక్క ముక్క బయటికి రావడానికి నా వీపంతా చెమట పట్టింది. ఆవిడ మాత్రం తుమ్ము గురించి చెప్పినట్టే చెప్పింది, ఈ వయసులో లోపలి పొర పలచబడుతుంది, తడి ఆరిపోతుంది, అందుకే ఆ మంటా ఈ నొప్పీ, చాలామందికి ఉంటుంది, రాసుకునే మందుంది, వాడితే తగ్గుతుంది, చూపు తగ్గితే కళ్ళజోడు పెట్టుకోమా. "ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" అంది. ఎవరూ అడగలేదన్నాను. నిజమే కదా. నా మోకాళ్ళ గురించి మా వీధి చివర కూరగాయలమ్మే ఆవిడ కూడా అడుగుతుంది.

ఇప్పుడు లోపలికి పిలిస్తే ఏ మాటలతో చెప్పాలి. పనిచేసే చోట నాకు ప్రతిదానికీ మాటుంది. నేను కట్టుడుపళ్ళు చేస్తాను. మనుషులు రారు మా దగ్గరికి, వాళ్ళ చిగుళ్ళ అచ్చులొస్తాయి, ప్లాస్టరువి, తెల్లగా, నేను వాటి మీద మైనం పేర్చి, పళ్ళు గుచ్చి, కింది దవడా పై దవడా ఎక్కడ ఆనుతున్నాయో చూస్తాను. మొహం చూడకుండానే మనిషి ఎలాంటివాడో చెప్పేస్తాను, వీడు నిద్రలో పళ్ళు నూరతాడు, ఈవిడ ఒక పక్కే నములుతుంది, ఈయన భార్య పోయాక సరిగ్గా తినడం లేదు. అచ్చు తప్పయితే తప్పని, కరుకుగా ఉంటే గీరుకుంటోందని, వదులైతే వదులని చెప్తాను. దీనికి మాత్రం నా దగ్గర ఒక్క మాటే ఉంది, 'అది'. డాక్టరమ్మ మాటలు పుస్తకాల్లోవి, వీధిలో మాటలు తిట్లు, రెంటికీ మధ్య ఇంట్లో వాడుకునేది ఒక్కటి లేదు. మా ఇద్దరికీ కొత్తలో ఒకటుండేది. "నిద్రొస్తోందా?" అని అడిగేవాడు. రావట్లేదంటే సరే, వస్తోందంటే లేదు, అంతే, అంత చిన్నది. అబ్బాయి పుట్టాక కూడా అదే, అబ్బాయి పెరిగి పక్కగదిలో చదువుకుంటున్నప్పుడూ అదే. అన్నేళ్ళలో ఆయన ఎప్పుడూ నాకు నిద్రొస్తోందని అనలేదు. ఒక్కసారే అన్నాడు.

ఆ ఒక్కసారి. నెలసరి ఆగిన ఏడాదికో ఏడాదిన్నరకో. అప్పటికే కొన్నాళ్ళుగా కారం చల్లినట్టు మంట, నేను పంటి బిగువున భరించేదాన్ని, ఆయనకి తెలియకూడదని. తెలిస్తే ఏమనుకుంటాడు, ముసలిదైపోయిందనుకుంటాడు, లేకపోతే పాపం మానేస్తాడు, రెండూ నాకు వద్దు. అంతగా బిగించడంతో వెనక దవడపన్ను చీలింది, పని దగ్గర అందరూ వెళ్ళాక నా పళ్ళకి నేనే అచ్చు తీసుకుని ఒక తొడుగు చేసుకున్నాను, నిద్రలో నూరుతున్నానని ఆయనతో అబద్ధమాడాను. ఆ రోజు మధ్యలోనే ఆగిపోయాడు. ఆగి, పక్కకి తిరిగి, "నిద్రొస్తోంది" అన్నాడు. నేను అలాగే పడుకుని ఇంటికప్పు చూశాను. నొప్పి పోయింది, దాని చోట ఇంకొకటొచ్చి కూర్చుంది. అయిపోయింది, ఇక నేనంటే ఈయనకేం లేదు, ఎండిపోయినదాని దగ్గర ఎవరుంటారు అనుకున్నాను. అడగొచ్చు కదా. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నేను అడగలేదు, ఆయన పెట్టలేదు, ఆ నెల గడిచింది, ఇంకో నెల గడిచింది.

ఆ తర్వాత గుండెపోటు. పదంతస్తుల భవనంలో లిఫ్టు పైన నిలబడి పని చేస్తున్నాడు, పనికోసం దాన్ని ఆపేసింది తనే, నొప్పి మొదలయ్యాక దాన్ని మళ్ళీ నడిపించే ఓపిక లేక మెట్లు దిగి నడిచొచ్చాడు. ఛాతీ తెరిచి కుట్టారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు అబ్బాయి చెప్పాడు, నాన్న కొన్నాళ్ళు వెల్లకిలా దిళ్ళ ఎత్తు మీద పడుకోవాలి, పక్కన ఎవరూ తగలకూడదు. ముందుగదిలో సోఫాని పరుపుగా విప్పి పక్క వేశాం. నాకు హమ్మయ్య అనిపించింది. ఎవరికీ చెప్పలేదు గానీ అనిపించింది, ఇక నొప్పీ లేదు, నొప్పి దాచుకునే పనీ లేదు, డాక్టరే వద్దన్నాడు, ఎవరి తప్పూ లేదు. ఆ కొన్నాళ్ళు ఎప్పుడు అయిపోతాయో ఎవరూ చెప్పలేదు. పథ్యం మొదలుపెట్టమని చెప్పేవాళ్ళే గానీ ఇక చాలు ఆపమని చెప్పేవాళ్ళుండరు. కుట్లు మానాయి, మచ్చ తెల్లబడింది, మళ్ళీ పనిలో చేరాడు, అబ్బాయి పెళ్ళాన్ని తీసుకుని వేరే కాపురం పెట్టాడు, ఇంట్లో మేమిద్దరమే, సోఫా మాత్రం సాయంత్రం పరుపవుతుంది, పొద్దున సోఫా అవుతుంది. దుప్పటి నాలుగు మడతలు పెట్టి దిండు మీద పెడతాడు, చుట్టం చూపుగా వచ్చినవాళ్ళు పెట్టినట్టు. లోపల మంచం మీద నేను నా వైపే పడుకుంటాను, ఆయన వైపు ఖాళీగానే ఉంచుతాను, మూడేళ్ళయినా మధ్యకి జరగలేదు. జరిగితే ఒప్పుకున్నట్టే కదా.

వారానికోసారి బీపీ చూస్తాను. ఆయన చొక్కా చెయ్యి పైకి మడుస్తాడు, నేను ఆ పట్టీ చుడతాను, చుట్టేటప్పుడు మోచేతి లోపలి మెత్తటి చోట నా వేళ్ళు తగులుతాయి, అంతే, వారానికి అంత. ఒక్కోసారి అంకె సరిగ్గా వచ్చినా, "ఇదేదో తప్పు చూపిస్తోంది, ఇంకోసారి చూద్దాం" అంటాను. ఆయన చెయ్యి అలాగే ఉంచుతాడు. నా వయసుకి ఇదేం బుద్ధి అనుకుంటాను. పని దగ్గర మైనం కరిగించే అక్క ఒకతుంది, నోట్లో నువ్వుగింజ నానదు, ఆవిడంటుంది, మన వయసుకి ఇంకేముందే, ఆ కొట్టు మూసేశాం, తాళంచెవి కూడా ఎక్కడుందో తెలీదు, అని. అందరం నవ్వుతాం, నేనే గట్టిగా నవ్వుతాను. నవ్వి, పళ్ళకి మెరుగుపెట్టే చక్రం వేస్తాను, ఆ హోరులో ఏడ్చినా వినబడదు. ఏం కావాలి నాకు అని నన్ను నేను అడిగాను చాలాసార్లు. కాలి మీద ఆయన కాలు బరువు కావాలి. మెడ మీద ఊపిరి కావాలి. నన్ను చూసి కళ్ళు ఇంకోలా అవ్వడం కావాలి. అది కూడా కావాలి, నొప్పి లేకుండా అది కూడా కావాలి, ఎందుకు దాచుకోవాలి, మనసులోనే కదా అనుకుంటున్నాను. పక్కావిడ నా వైపు చూసింది. వినబడిందా ఏంటి. లేదు, సంచి కాస్త జరపమంటోంది.

ఈయన సాయంత్రం మెట్లెక్కుతాడు. అది ఇంకో తమాషా, మా భవనంలో అందరికీ కాలక్షేపం. ఆపరేషనయినప్పటి నుంచి డాక్టరు చెప్పాడని, పని నుంచి రాగానే సంచి గుమ్మంలో పెట్టి మా వాటా నుంచి రెండంతస్తులు ఎక్కుతాడు, దిగుతాడు. లిఫ్టాయనే లిఫ్టెక్కట్లేదంటే ఇక మనమేం ఎక్కుతాం అని పై వాటావాళ్ళ నవ్వులు. మొదట్లో గోడ పట్టుకుని ఎక్కేవాడు. ఇప్పుడు గబగబా ఎక్కి దిగుతాడు, వచ్చి వంటగది గుమ్మంలో నిలబడి, "ఆయాసం రాలేదు" అంటాడు. రోజూ అంటాడు. నేను, "మంచిది, టీ పెట్టనా" అంటాను. ఆయన ఇంకో క్షణం నిలబడి, పెట్టు అని వెళ్ళి సోఫాలో కూర్చుంటాడు.

కుర్చీలు అన్నీ ఒకే ఇనుప కమ్మీకి బిగించారు, ఆ చివర ఎవరో కూర్చుంటే ఈ చివర నేను ఊగాను. ముసలి దంపతులు, ఎనభైకి దగ్గర్లో ఉంటారు, ఆయన చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు, ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది, కూర్చున్నాక కూడా వదల్లేదు. నేను అటు చూడకూడదని నీళ్ళ డబ్బా చూశాను. నర్సమ్మాయి వచ్చి ముసలాయన ముందు వంగి చెవిలో ఏదో చెప్పింది. ఆయన "ఆ?" అన్నాడు. మళ్ళీ చెప్పింది. "ఆ?" అన్నాడు. ముసలావిడ, "గట్టిగా చెప్పమ్మా, చెవి మిషను ఇంట్లో మర్చిపోయాడు" అంది. "లోపల చెప్తాలెండి" అంది నర్సమ్మాయి ఇటూ అటూ చూసి. "అక్కడా గట్టిగానే చెప్పాలిగా, ఇక్కడే చెప్పు, ఈ వయసులో మాకేం సిగ్గు" అంది ఆవిడ. నర్సమ్మాయి మొహం కందిపోయింది. "తాతగారూ, మీ గుండె డాక్టరు సరేనన్నారు. రెండంతస్తులు మెట్లెక్కి ఆయాసం రాకపోతే ఇంక భయం లేదు. బామ్మగారితో ఎప్పట్లాగే ఉండొచ్చు. కొట్లో మాత్రలు మాత్రం సొంతంగా కొని మింగకండి, గుండె మందులతో పడవు." ముసలాయన ఆవిడ వైపు తిరిగాడు. "మా ఇంటికి మెట్లు లేవే" అన్నాడు. "పక్కింటికున్నాయిలే" అంది ముసలావిడ.

గదిలో ఎవరో దగ్గినట్టు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, సగంలో ఆగింది. రెండంతస్తులు. రెండే ఎందుకు, మూడెందుకు కాదు, అని నేను ఆయన్ని ఒకసారి అడిగాను కూడా, డాక్టరు చెప్పాడట అన్నాడు. ఎవరితో చెప్పాడు. ఆపరేషనయ్యాక ఈయన మత్తులో ఉన్నాడు, నేను మందుల కోసం కిందికెళ్ళాను, చెప్పింది అబ్బాయితో. పనిముట్ల సంచి కుర్చీ కిందికి తోసి వరండాలోకి వెళ్ళాను, కిటికీ దగ్గర నిలబడి అబ్బాయికి ఫోను చేశాను. వాడు లెక్కల ఆఫీసులో పనిచేస్తాడు, పనివేళ అమ్మ ఫోను చేసిందంటే ముందు భయపడతాడు. నాన్నకేం కాలేదని ముందే చెప్పి, "ఆపరేషనప్పుడు డాక్టరు మెట్ల గురించి నీతో ఏం చెప్పాడ్రా?" అన్నాను.

"ఇప్పుడెందుకమ్మా అది?"

"చెప్పు."

"రెండంతస్తులు ఎక్కమన్నాడు."

"ఎక్కితే?"

అటు పక్క ఎవరో ఏదో అడుగుతున్నారు, వీడు ఒక్క నిమిషం అంటున్నాడు, తలుపు వేసిన చప్పుడయింది. "ఆయాసం రాకుండా ఎక్కగలిగితే... మామూలుగా ఉండొచ్చన్నాడు."

"మామూలుగా అంటే?"

"అంటే మామూలుగా." గొంతు తగ్గించాడు. "అమ్మా, మీ ఇద్దరి గురించి. అమ్మకి కూడా చెప్పండి, భయపడొద్దనండి అన్నాడు. నా పక్కన నా పెళ్ళాం కూడా ఉంది, అప్పటికి కొత్త. నేను మెట్లెక్కమన్నాడని నాన్నకి చెప్పేశాను. మిగతాది తర్వాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరే చెప్తాడులే అనుకున్నాను. నేనెలా చెప్పనమ్మా, నువ్వైతే చెప్తావా?"

"చెప్పలేను" అన్నాను. వాణ్ణి తిట్టడానికి నాకేం మొహముంది, వాడి పెళ్ళికి ముందు నేను వాడికి ఒక్క ముక్క చెప్పానా, వాడి నాన్న చెప్పాడా. "కోపమొచ్చిందా?" అన్నాడు. లేదురా, పని చూసుకో అన్నాను.

కిటికీలోంచి కింద వీధి, ఎవడో నిచ్చెన భుజాన వేసుకుని పోతున్నాడు, ఒక బస్సు ఆగి ఎవరూ ఎక్కకుండానే వెళ్ళింది. కక్కలేక మింగలేక వాడు సగం మింగిన మాట మూడేళ్ళు మా మెట్ల మీద ఎక్కింది, దిగింది. ఈయన ఎందుకో తెలియకుండానే చెప్పినట్టల్లా ఎక్కాడు, ఎక్కి, వచ్చి, వంటగది గుమ్మంలో నిలబడి నాకు చెప్పాడు, ప్రతి సాయంత్రం, ఆయాసం రాలేదు అని. నేను టీ పెట్టాను. చెప్పినవాడికీ తెలియదు, విన్నదానికీ తెలియదు. నవ్వొస్తుందేమో అనుకున్నాను, రాలేదు, కిటికీ ఊచ పట్టుకుని ఏడ్చాను, కాసేపే, బ్యాగులో రుమాలు దొరక్క చేత్తోనే తుడుచుకున్నాను. ఎన్ని సాయంత్రాలు. పోయిన వయసు పోయిందే. ఎవరినడగాలి దాన్ని.

తిరిగొచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది, తప్పంతా అబ్బాయి మీద వేసి ఊరుకోవడానికి లేదు. గుండెపోటు తర్వాత వచ్చింది కదా, అంతకు ముందే ఆగాడు కదా ఆయన. నిద్రొస్తోందన్నది డాక్టరు కాదు. ఎక్కొచ్చు, దిగొచ్చు, ఉండొచ్చు, భయం లేదు, అన్నీ ఉన్నాయి సరే, మనసుండాలిగా. గుండె డాక్టరు సరేనన్నా నా మొగుడు సరేననాలి. ఆయన లోపల డాక్టరమ్మ ముందు కూర్చుని, మాకవన్నీ ఎందుకండీ, ఆ వయసు దాటిపోయాం, అంటే? మర్యాదగా అంటాడు, కోపం కూడా ఉండదు ఆ మాటలో, ఆ మర్యాదే నన్ను చంపేస్తుంది. అలా అంటే నేను లోపలికెళ్ళి ఏం చెప్పాలి. నాకూ అంతేనండీ అనాలి. అని, మందు రాయించుకుని, మూత్రం మంటకే అని చెప్పి, ఇద్దరం అదే లిఫ్టులో దిగి, ఆయన గోడ మీద చెయ్యి పెట్టి, నేను బ్యాగు పట్టుకుని, ఇంటికెళ్ళి, సోఫా విప్పి. ఇక అంతే. తెలియకుండా దూరంగా ఉండటం ఒక ఎత్తు, అడిగి కాదనిపించుకుని దూరంగా ఉండటం ఒక ఎత్తు. అసలు రాకుండా ఉండాల్సింది. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే, ఆయన బయటికొచ్చి ఈ సంచి చూసి, నేను లేకపోవడం చూసి ఏమనుకుంటాడు, జబ్బు ముదిరిందనుకుంటాడు. ముసలావిడ ఆయన చొక్కా కాలరు సర్దుతోంది, ఆయన విసుక్కుంటున్నాడు, ఆవిడ మానడం లేదు. ఎంత అదృష్టవంతురాలు, విసుక్కోవడానికైనా దగ్గరున్నాడు.

అద్దం వెనక భుజం కదిలింది. వంగింది, మళ్ళీ లేచింది. మాట్లాడుతున్నాడు, చాలాసేపు మాట్లాడుతున్నాడు. మా ఆయన అంతసేపు మాట్లాడటం నేను మోటారు చెడిపోయినప్పుడే చూశాను. చెవులు రిక్కించాను, ఒక్క ముక్క వినబడలేదు. నా పక్కావిడ కూడా అటే చూస్తోంది.

తలుపు తెరిచి నర్సమ్మాయి నన్ను పిలిచింది. ఆయన బయటికి రాలేదు. విడిగా అన్నారు కదా అంటే, ఇద్దర్నీ కలిపే మాట్లాడతానన్నారు మేడమ్ అంది. పద్ధతి మారిందంటే ఏదో తేడా జరిగింది. లేచి లోపలికెళ్ళాను. లోపల గది చిన్నది, పరదా వెనక పరీక్షించే బల్ల, బల్ల ముందు రెండు కుర్చీలు, ఒకదాంట్లో ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని బడిలో పిల్లాడిలా కూర్చున్నాడు. నన్ను చూడలేదు. నేను రెండో కుర్చీలో కూర్చున్నాను.

డాక్టరమ్మ ఆయన్ని చూసి, "నేను చెప్పనా, మీరు చెప్తారా?" అంది. మీరే చెప్పండన్నాడు. "ఈయన్ని ఈయన గురించి అడిగానమ్మా. గుండె గురించి, మందుల గురించి, ఆపరేషను తర్వాత ఎలా ఉంటున్నారని. ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. మొత్తం మీ గురించే చెప్పారు. మీకు నొప్పి అని, పళ్ళు బిగబట్టి ఓర్చుకునేవారని, ఆపరేషనుకి ముందు నుంచే తెలుసని, అడిగితే సిగ్గుపడతారని ఊరుకున్నారట. మీ నొప్పికి ఏదైనా మందుంటే ఇవ్వమని అడుగుతున్నారు. అంతే, ఇంకేం అక్కర్లేదట."

ఆయన నేల మీంచి చూపు తియ్యకుండా, "తనది తగ్గించండి, చాలు. నాదేముంది" అన్నాడు.

నాదేముంది. నాకు ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, ఒంట్లో అన్ని వైపుల నుంచీ ఒకేసారి అర్థమైంది. ఆ రోజు ఆయనకి నిద్ర రాలేదు. నా నొప్పి తెలిసి పక్కకి తిరిగాడు. తిరిగి, గోడ వైపు కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంటాడు, ఇటు నేను ఇంటికప్పు చూస్తూ పడుకున్నాను. నన్ను బాధపెట్టకూడదని సోఫాలో ఉండిపోయాడు, నేను అక్కర్లేదనుకుని మంచంలో ఉండిపోయాను. ఇంత మంచితనం ఎవడడిగాడు ఈ మనిషిని. కోపమొచ్చింది, చాలా కోపమొచ్చింది, చెయ్యి పట్టుకుని గుంజి అడగాలనిపించింది. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "మీరేమంటారు?" అంది. ఇందాకటి నుంచి వెతుక్కుంటున్న మాటలు ఒక్కటీ నా దగ్గర లేవు. లేకపోతే పోనీ అనుకున్నాను.

"ఆయన చెప్పలేదుగా, ఆయన గురించి నేను చెప్తాను డాక్టరుగారూ" అన్నాను. "ఆయనకి గుండె భయం, అబ్బాయి సగమే చెప్పాడు, ఆ సంగతి ఇంటికెళ్ళాక చెప్తాను ఈయనకి. నాకు నొప్పి ఉంది, నిజమే, మందివ్వండి, వాడతాను. కానీ ఆయన ఇంకేం అక్కర్లేదంటే ఒప్పుకోకండి. నాకు అక్కర ఉంది. ఈయన నాకు కావాలి."

ఆయన తలెత్తాడు. చెవుల చివర్ల వరకు ఎర్రబడ్డాడు, తలుపు వైపు చూసి, కుర్చీ నా వైపు కాస్త జరిపి, "మెల్లగా... బయట జనం ఉన్నారు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను, మెల్లగా కాదు.